కాస్కేడ్ కొండల్లో ఒక్కరోజు బ్యాక్‌కంట్రీ స్కీయింగ్: ఏ బ్యాగు కొనాలి, అందులో ఏమేమి పెట్టుకోవాలి

సియాటిల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్మండ్, బోతెల్, సమామిష్ ఊళ్లలో స్థిరపడిన తెలుగువారిలో స్కీయింగ్ చేసేవారు ఎక్కువగా స్నోక్వాల్మీ పాస్‌లో, మనుషులను కొండపైకి చేర్చే లిఫ్టుల దగ్గరే నేర్చుకొని ఉంటారు. కొన్ని శీతాకాలాలు గడిచాక వారిలో కొందరి మనసు లిఫ్టులు లేని కొండల వైపు మళ్లుతుంది. స్కీల అడుగున స్కిన్లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా పట్టునిచ్చే పట్టీలు) అంటించుకొని, రెండు మూడు గంటలు సొంత కాళ్ల బలంతోనే ఎక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగి, చీకటి పడేలోగా కారు దగ్గరికి వచ్చేసే ప్రయాణాలివి. వీటికి ఎలాంటి బ్యాగు కావాలని దుకాణానికి వెళితే 20 లీటర్ల నుంచి 40 లీటర్ల దాకా, సుమారు 120 డాలర్ల నుంచి 1,400 డాలర్ల దాకా వరుసగా వేలాడుతూ కనిపిస్తాయి. ఏది దేనికి పనికొస్తుందో ముందే తెలియకపోతే రంగు చూసో, ధర చూసో తీసుకోవడమే అవుతుంది.

నా సలహా ఒక్కటే: బ్యాగును అన్నిటికంటే చివర కొనండి. వెంట తీసుకెళ్లాల్సిన సామానంతా ముందు ఇంట్లో నేల మీద పరిచి, అది పట్టే బ్యాగును ఆ తర్వాత వెతకాలి. ముందే చిన్న బ్యాగు కొన్నవారు చోటు లేదని దళసరి జాకెట్టును కారులో వదిలేయడమో, థర్మాస్ వంటివాటిని బయట వేలాడదీయడమో చేస్తారు. అలా వేలాడేవి దిగేటప్పుడు చెట్ల కొమ్మలకు తగులుకుంటాయి, పడిపోతాయి, తడిసిపోతాయి.

ఇక్కడ రాసినదంతా వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ కొండలను దృష్టిలో పెట్టుకొని రాసింది. పసిఫిక్ సముద్రం మీదుగా వచ్చే తేమ గాలుల వల్ల ఇక్కడ మంచు విపరీతంగా పడుతుంది, బరువుగానూ పడుతుంది. మౌంట్ రెయినీర్ మీది ప్యారడైజ్‌లో 1971–72 శీతాకాలంలో 1,122 అంగుళాల మంచు కురిసింది. 1998–99లో మౌంట్ బేకర్ స్కీ ప్రాంతంలో 1,140 అంగుళాలు, అంటే దాదాపు 29 మీటర్లు కురిసింది. అయితే స్నోక్వాల్మీ పాస్ ఎత్తు 3,022 అడుగులే కాబట్టి, పొద్దున మంచుగా మొదలైనది మధ్యాహ్నానికి వానగా మారడం అక్కడ మామూలు విషయం. కొలరాడోలోనో యూటాలోనో పొడి మంచులో తిరిగేవారు రాసిన సలహాల్లో తడి గురించి పెద్దగా ఉండదు. ఇక్కడ మాత్రం చలి కంటే తడే ఎక్కువ బాధిస్తుంది.

అన్నిటికంటే ముందు మూడు పరికరాలు

బీకన్ (మంచులో కూరుకుపోయినవారిని వెతకడానికి సిగ్నల్ పంపే, అందుకునే పరికరం), ప్రోబ్ (వారు ఎక్కడున్నారో మంచులో గుచ్చి చూసే మడత కర్ర), పార. ఈ మూడూ బృందంలోని ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. రిసార్టులో స్కీ ప్యాట్రోల్ అనే రక్షణ సిబ్బంది ఉంటారు, ప్రమాదకరమైన వాలుల మీది మంచును పేలుడు పదార్థాలతో ముందే రాలగొడతారు. హద్దు తాడు దాటాక ఆ ఏర్పాటు ఏదీ ఉండదు. మంచుచరియ కింద పూర్తిగా కూరుకుపోయిన మనిషిని మొదటి పది నిమిషాల్లో బయటికి తీయగలిగితే సుమారు పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, అరగంట గడిచేసరికి ఆ అవకాశం మూడింట ఒక వంతుకు పడిపోతుంది. హెలికాప్టరు వచ్చేలోగా ఆ పది నిమిషాలు అయిపోతాయి కాబట్టి కాపాడవలసింది పక్కనున్నవారే.

బీకన్ల విషయంలో ఎంపిక కష్టం కాదు. అన్ని కంపెనీలవీ 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం మీదే పనిచేస్తాయి కాబట్టి ఒకరిది మరొకరికి వినబడుతుంది. మూడు యాంటెన్నాలున్న డిజిటల్ బీకన్ కొనండి. సుమారు 300 నుంచి 500 డాలర్ల మధ్య దొరుకుతుంది. చవకగా వస్తోందని పాతకాలపు ఒకే యాంటెన్నా పరికరాన్ని తీసుకోవద్దు. బీకన్‌ను బ్యాగులో పెట్టకూడదు, దాని పట్టీలతో ఒంటికి కట్టుకోవాలి, ఎందుకంటే మంచుచరియ బ్యాగును వీపు మీంచి లాగేసుకోగలదు. ఫోను, స్మార్ట్‌వాచీ, వేడినిచ్చే బ్యాటరీ గ్లౌజుల వంటివి సిగ్నల్ పంపే బీకన్‌కు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలోనూ, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలోనూ ఉండాలి. చాలామంది ఫోనును ఛాతీ జేబులో, బీకన్‌కు సరిగ్గా పైనే పెట్టుకుంటారు. ఆ అలవాటును మొదటి రోజే మానుకోవాలి.

ప్రోబుల్లో 240 సెంటీమీటర్లకు తక్కువది ఇక్కడ వద్దు. కార్బన్‌ది తేలిక, అల్యూమినియంది దృఢం. చరియ ఆగిన చోట మంచు గట్టిపడిపోతుంది, కాస్కేడ్ల తడి మంచు మరింత గట్టిపడుతుంది కాబట్టి నేనైతే కొంత బరువు ఎక్కువైనా అల్యూమినియం ప్రోబునే తీసుకుంటాను. పారకు కూడా అదే వర్తిస్తుంది: రేకు లోహంది కావాలి, పిడి పొడవు పెంచుకునేలా ఉండాలి. ప్లాస్టిక్ రేకున్న పార ఆ గట్టి మంచులోకి దిగదు.

బ్యాగును కొలవవలసింది ఈ పరికరాలతోనే. పారకు, ప్రోబుకు వీపు వైపు కాకుండా బయటి వైపు ఒక ప్రత్యేకమైన అర ఉండాలి. ఆ అరలో ఇంకేమీ పెట్టకూడదు. మంచి బ్యాగుల్లో ఆ జిప్పు రెండు వైపులా కిందిదాకా తెరుచుకొని మూత మొత్తం ముందుకు వాలుతుంది, లోపల పార పిడికీ ప్రోబుకూ సన్నటి గొట్టాల వంటి గుడ్డ సంచులు విడివిడిగా ఉంటాయి, జిప్పు కొసకు వేలు దూరేంత దారపు ఉచ్చు ఉంటుంది. తక్కువ రకం బ్యాగుల్లో జిప్పు పై భాగంలో మాత్రమే తెరుచుకుంటుంది. అప్పుడు పార రేకు అంచు గుడ్డకు పట్టుకొని బయటికి రాదు. దుకాణంలోనే మీ పారను, ప్రోబును అందులో పెట్టి, దళసరి గ్లౌజులు తొడుక్కొని, బ్యాగును వీపు మీంచి దించి రెండూ బయటికి తీసి చూడండి. తడుముకోకుండా తీయగలిగితేనే ఆ బ్యాగు గురించి ముందుకు ఆలోచించాలి. లీటర్లూ రంగులూ ఆ తర్వాతి సంగతి.

ఇరవయ్యా, ముప్పయ్యా, నలభయ్యా?

20 లీటర్ల బ్యాగు లిఫ్టులో పైకి వెళ్లి, హద్దు దాటి ఒక్కసారి కిందికి దిగి వచ్చేవారికి సరిపోతుంది. పార, ప్రోబు, నీళ్లు, ఒక జత గ్లౌజులు, పలచటి జాకెట్టు పెట్టేసరికి అది నిండిపోతుంది. స్టీవెన్స్ పాస్ దగ్గర రోడ్డుకు అవతలి వైపున్న స్కైలైన్ రిడ్జ్ మీదికి వాతావరణం బాగున్న రోజున పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవారిలో కొందరు దీంతోనే సర్దుకుంటారు. అయితే కాలు బెణికిన స్నేహితుడి పక్కన రెండు గంటలు కదలకుండా కూర్చోవలసి వస్తే కావలసిన వెచ్చటి బట్టలకు అందులో చోటుండదు. అందుకే మొదటి బ్యాగుగా దీన్ని నేను సూచించను.

28 నుంచి 32 లీటర్ల మధ్యది చాలామందికి సరైన ఎంపిక. నిండు శీతాకాలంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరగడానికి కావలసినవన్నీ, హెల్మెట్ తప్ప, లోపలే పడతాయి. ఎక్కేటప్పుడు విప్పిన జాకెట్టును, దిగేటప్పుడు ఊడదీసిన తడి స్కిన్లను వెంటనే లోపల పెట్టేసుకునేంత వెసులుబాటు కూడా మిగులుతుంది.

35 నుంచి 40 లీటర్లది తాడు, హార్నెస్, క్రాంపాన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లు) మోసేవారికి, పిల్లల సామాను కూడా తామే మోసే తల్లిదండ్రులకు, బృందం మొత్తానికీ ప్రథమ చికిత్స సామగ్రి పట్టుకెళ్లే నాయకులకు. ప్యారడైజ్ నుంచి క్యాంప్ మ్యూర్ దాకా, అంటే సుమారు 5,400 అడుగుల నుంచి పదివేల అడుగులు దాటేదాకా ఎక్కేవారికి కూడా ఇది ఉపయోగమే, ఎందుకంటే ఆ మంచు మైదానంలో మబ్బు కమ్మితే ముందున్న స్కీ కొస కూడా కనబడదు, దిగే దారి తెలిసేదాకా అక్కడే ఆగవలసి రావచ్చు. పెద్ద బ్యాగుతో ఒక చిక్కుంది: సగం ఖాళీగా ఉన్నప్పుడు లోపలి బరువు అటూ ఇటూ కదిలి, మలుపు తిప్పేటప్పుడు మనిషిని పక్కకు లాగుతుంది. పక్కలనున్న బిగింపు పట్టీలు గట్టిగా పనిచేస్తేనే అలాంటిది తీసుకోవాలి.

ఎయిర్‌బ్యాగ్ ఉన్నదా, లేనిదా?

అందరూ ఎక్కువగా తర్జనభర్జన పడేది ఇక్కడే. మామూలు స్కీ బ్యాగు 120 నుంచి 250 డాలర్లకు వస్తుంది, బరువు కిలో, కిలోన్నర ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్నది సుమారు 700 డాలర్ల నుంచి మొదలై 1,400 డాలర్ల దాకా వెళుతుంది, బరువు ఎక్కువగా రెండు నుంచి మూడు కిలోల మధ్య ఉంటుంది, పైగా ఆ యంత్రాంగం కొన్ని లీటర్ల చోటు తినేస్తుంది. భుజం పట్టీ మీది హ్యాండిల్ లాగితే కొన్ని క్షణాల్లో తల వెనుక పెద్ద గాలితిత్తి ఉబ్బుతుంది. మిక్చరు డబ్బాను ఊపితే పెద్ద పలుకులు పైకి వచ్చినట్టే, కదులుతున్న మంచు ముద్దల్లో పరిమాణం పెద్దదైన వస్తువు పైకి తేలుతుంది. పని చేసే సూత్రం అంతే.

దీని ప్రయోజనం నిజమైనదే. 2014లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, తీవ్రమైన మంచుచరియల్లో చిక్కుకున్నవారిలో ఎయిర్‌బ్యాగ్ ఉబ్బనప్పుడు 22 శాతం మంది, ఉబ్బినప్పుడు 11 శాతం మంది మరణించారు. ఇది చిన్న తేడా కాదు. అదే అధ్యయనంలో మరో సంగతి కూడా ఉంది: బ్యాగు ఉన్నవారిలో ఐదింట ఒక వంతు మందికి అది ఉబ్బలేదు, అలా జరిగిన సందర్భాల్లో సగానికి మించి మనిషి హ్యాండిల్ లాగకపోవడమే కారణం. డబ్బు పెట్టి కొన్నంత మాత్రాన చాలదు. కళ్లు మూసుకొని హ్యాండిల్ మీదికి చెయ్యి పోయేదాకా సాధన చేయాలి.

2012 ఫిబ్రవరి 19న స్టీవెన్స్ పాస్ రిసార్టు హద్దు అవతల టన్నెల్ క్రీక్ లోయలో జరిగిన ప్రమాదం ఈ ప్రాంతంలో స్కీ చేసేవారందరికీ తెలిసినదే. అనుభవజ్ఞులైన స్కీయర్లు ముగ్గురు ఆ చరియలో చనిపోయారు. అందులోనే కొట్టుకుపోయిన ఒక స్కీయర్ ఎయిర్‌బ్యాగ్ తెరిచి ప్రాణాలతో బయటపడ్డారు. ఆ ఉదంతం తర్వాత చాలామంది ఎయిర్‌బ్యాగ్ కొన్నారంటే అర్థం చేసుకోదగినదే. అయితే కాస్కేడ్లలో చెట్లు చాలా ఎత్తుదాకా ఉంటాయి, వాలుల కింద లోతైన ఇరుకు వాగులు ఉంటాయి. చెట్టుకు గుద్దుకొనే దెబ్బ నుంచి గాలితిత్తి కాపాడలేదు. ఇరుకు వాగులో పై నుంచి మంచు వచ్చి పేరుకుంటూనే ఉంటే పైకి తేలినవారు కూడా కూరుకుపోతారు. కెనడాలో జరిగిన పరిశీలనలో మంచుచరియల మరణాల్లో దాదాపు నాలుగో వంతు ఊపిరాడక కాదు, దెబ్బల వల్లే సంభవించాయని తేలింది.

అందుకని నా వరుస ఇలా ఉంటుంది. మొదట బీకన్, ప్రోబ్, పార. ఆ వెంటనే మంచుచరియల గురించి నేర్పే మూడు రోజుల ఏయర్ (AIARE) లెవెల్ 1 శిక్షణ. ఎయిర్‌బ్యాగ్ మీద పెట్టబోయే డబ్బులో కొంత భాగానికే అది పూర్తవుతుంది, ఏ వాలు మీదికి వెళ్లకూడదో నేర్పుతుంది. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ప్రకటించే, మంచుచరియల ముప్పును అయిదు స్థాయుల్లో చెప్పే ప్రమాద సూచికను రోజూ చదివి అర్థం చేసుకోవడం అలవాటయ్యాక, ఒక శీతాకాలమంతా క్రమం తప్పకుండా చెట్లు లేని వాలుల మీద తిరిగే ఉద్దేశం ఉంటే, అప్పుడు ఎయిర్‌బ్యాగ్ కొనడం మంచిది. నెలకోసారి తక్కువ వాలున్న చోట్ల తిరిగేవారికి మామూలు బ్యాగే సరిపోతుంది.

కొనాలనుకున్నవారికి రెండు రకాలు ఉన్నాయి. గ్యాస్ సిలిండరుతో పనిచేసేది చవక, తేలిక. ఒకసారి లాగాక సిలిండరును మళ్లీ నింపించుకోవాలి లేదా మార్చుకోవాలి. విద్యుత్తుతో ఫ్యాను తిరిగి ఉబ్బే రకం ఖరీదైనది, కానీ తిరిగి ఛార్జ్ చేసుకొని ఎన్నిసార్లయినా ఇంట్లోనే సాధన చేయవచ్చు. హ్యాండిల్ లాగకపోవడమే పెద్ద సమస్య అని పైన చెప్పుకున్నాం కాబట్టి, నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు విద్యుత్తు రకాన్ని ఎంచుకోవడానికి. విమాన ప్రయాణంలో కూడా తేడా ఉంది: అమెరికా విమానాశ్రయాల్లో నింపిన గ్యాస్ సిలిండరును అనుమతించరు, ఖాళీ చేసి వాల్వు ఊడదీసి తీసుకెళ్లాలి. సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు గుల్మార్గ్‌లో స్కీ చేద్దామనుకునేవారు, అక్కడ సిలిండరు నింపించుకోవడం ఎలాగన్నది బయలుదేరకముందే తేల్చుకోవాలి. ఏ రకమైనా సరే, తొడల మధ్యనుంచి వచ్చే కాలి పట్టీని తప్పకుండా బిగించుకోవాలి; అది లేకపోతే ఉబ్బిన బ్యాగు తల మీదుగా ఊడిపోతుంది.

బ్యాగులో చూడవలసిన మిగతా సంగతులు

వీపు వైపు నుంచి పూర్తిగా తెరుచుకునే జిప్పు, పై మూత, ఈ రెండింటిలో నేను వీపు వైపు జిప్పునే కోరుకుంటాను. బ్యాగును మంచు మీద బోర్లా వేసి తెరిస్తే, ఒంటికి ఆనే భాగం తడవకుండా పైకి ఉంటుంది, అడుగున ఉన్న జాకెట్టు కూడా ఒక్కసారిగా అందుతుంది. పై మూత రకం తేలికగా ఉంటుంది, జిప్పు చెడిపోయే బెడద ఉండదు, కానీ కింద ఉన్న వస్తువు కోసం పైవన్నీ మంచులో పరచవలసి వస్తుంది. వాన పడుతున్నప్పుడు అది పెద్ద చికాకు.

స్కీలను బ్యాగుకు రెండు విధాలుగా కడతారు. రెండు పక్కలా ఒక్కొక్కటి కట్టి పైన కొసలు కలిపే పద్ధతిలో బరువు సమంగా ఉంటుంది, కానీ ఆ పట్టీలు కొన్నిసార్లు పార అర మీదుగా పోతాయి. వీపు మీద ఏటవాలుగా రెండూ కలిపి కట్టే పద్ధతి త్వరగా అవుతుంది, ఒక్కరోజు ప్రయాణాలకు అది చాలు. స్నోబోర్డు వారు నిలువుగా కట్టే పట్టీలున్నాయో లేదో చూసుకోవాలి.

నీళ్ల గొట్టం ఉన్న సంచి కంటే మామూలు సీసా, దానితోపాటు చిన్న థర్మాస్ నయం. గొట్టానికి దళసరి తొడుగు ఉన్నా, శిఖరం మీద గాలిలో ఆగిన పది నిమిషాల్లో కొరికే చోట నీరు గడ్డకట్టవచ్చు. తాగిన ప్రతిసారీ గాలిని వెనక్కి ఊదాలని అలసిపోయిన మనిషికి గుర్తుండదు. థర్మాస్‌లో టీయే కానక్కర్లేదు. వేడి మిరియాల చారు గొంతు దిగితే చేతివేళ్ల దాకా వెచ్చదనం తెలుస్తుంది.

వీపు వైపు జల్లెడ గుడ్డ ఉన్న వేసవి బ్యాగును స్కీయింగ్‌కు వాడవద్దు. ఆ రంధ్రాల్లో మంచు ఇరుక్కొని కరిగి చొక్కాను తడుపుతుంది. బకిళ్లు గ్లౌజులతో పెట్టి తీయగలిగినంత పెద్దవిగా ఉండాలి. గుడ్డ ఎంత గట్టిదైనా, కుట్ల దగ్గర్నుంచీ జిప్పుల దగ్గర్నుంచీ నీరు దిగుతుందనుకొని, వెచ్చటి బట్టలను విడిగా నీరు దూరని సంచిలో పెట్టి లోపల సర్దుకోవడమే ఇక్కడి వాతావరణానికి సరైన పద్ధతి.

లోపల ఏముండాలి

సియాటిల్‌లోని మౌంటెనీర్స్ సంస్థ 1930లలో రూపొందించిన పది అవసరాల జాబితా ఈనాటికీ ఈ కొండల్లో తిరిగేవారికి ప్రమాణంగా ఉంది. దిక్కు తెలుసుకునే సాధనాలు, తల దీపం, ఎండ నుంచి రక్షణ, ప్రథమ చికిత్స, కత్తి, నిప్పు, తాత్కాలిక ఆశ్రయం, అదనపు తిండి, నీళ్లు, బట్టలు అన్నవి అందులోనివే. అన్నిటినీ వివరించడం అనవసరం. స్కీ ప్రయాణానికి ప్రత్యేకంగా ముఖ్యమైనవి చెబుతాను.

గ్లౌజులు రెండు జతలు తప్పనిసరి. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది కాబట్టి పలచటివి, దిగేటప్పుడు దళసరివి. వాన రోజున మూడో జత వృథా కాదు. ఆగినప్పుడు అన్నిటి మీదా తొడుక్కునేలా ఒక సైజు పెద్దదైన దళసరి జాకెట్టు కావాలి, తడి వాతావరణంలో పక్షి ఈకలున్నది కాకుండా సింథటిక్ దూదిది మేలు, ఎందుకంటే తడిసినా కొంత వెచ్చదనం నిలుస్తుంది. డిసెంబరులో సియాటిల్ ప్రాంతంలో సాయంత్రం 4:20 ప్రాంతానికే పొద్దు గూకుతుంది కాబట్టి తల దీపం పెట్టుకోవడం ఐచ్ఛికం కాదు.

బాగుచేత సామాను చాలామంది మరచిపోతారు. బైండింగు (బూటును స్కీకి బిగించే భాగం) స్క్రూలకు సరిపోయే బిట్లున్న చిన్న స్క్రూడ్రైవరు, కొంత ఇనుప తీగ, స్కీ కర్రకు చుట్టిపెట్టిన డక్ట్ టేపు, సాగే గట్టి రబ్బరు పట్టీలు రెండు మూడు ఉంటే విరిగిన బైండింగునూ జారిపోతున్న స్కిన్నునూ కట్టేసి కారు దాకా రావచ్చు. స్కిన్లకు రాసే మైనపు ముక్క ఇక్కడ దాదాపు ప్రతి ప్రయాణంలోనూ అక్కరకొస్తుంది. నీడలోని చల్లటి మంచు నుంచి ఎండలోని తడి మంచులోకి రాగానే స్కిన్ల కింద ముద్దలు ముద్దలుగా మంచు పేరుకొని ఒక్కో కాలు రెండింతల బరువెక్కుతుంది. పైన మైనం రుద్దితే అది తగ్గుతుంది. మళ్లీ ఎక్కేది ఉంటే, ఊడదీసిన స్కిన్లను బ్యాగులో కాకుండా జాకెట్టు లోపల పొట్ట దగ్గర పెట్టుకుంటే జిగురు చల్లబడి పట్టు తప్పకుండా ఉంటుంది.

ఈల ఒకటి ఛాతీ పట్టీకి ఉండాలి. లోతైన మంచులో చెట్టు మొదలు చుట్టూ ఏర్పడే గుంతలో తలకిందులుగా పడినవారు సొంతంగా బయటికి రావడం దాదాపు అసాధ్యం, కాబట్టి చెట్ల మధ్య దిగేటప్పుడు జంటగా, ఒకరి కంట ఒకరు పడుతూ దిగాలి. ఫోను సిగ్నల్ లేని లోయలే ఎక్కువ కనుక ఉపగ్రహం ద్వారా సందేశం పంపగల పరికరం బృందానికి ఒకటైనా అవసరం. ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఉపగ్రహ ఎస్‌ఓఎస్ సదుపాయం ఉపయోగపడుతుంది గానీ, చలికి ఫోను బ్యాటరీ హఠాత్తుగా అడుగంటుతుంది, దాన్నే నమ్ముకోవద్దు.

తిండి విషయంలో ఒక మాట. వేరుశనగ చిక్కీ చలికి రాయిలా గట్టిపడి పళ్లకు పరీక్ష పెడుతుంది. వేయించిన పల్లీలు, ఖర్జూరాలు, సున్నుండలు జాకెట్టు జేబులో ఒంటి వేడికి మెత్తగా ఉంటాయి, నిలబడే తినవచ్చు.

ఇవన్నీ నీళ్లతో సహా సర్దితే మామూలు బ్యాగు ఏడు నుంచి తొమ్మిది కిలోల దాకా తూగుతుంది. కొనేముందు ఆ సామానంతా దుకాణానికి తీసుకెళ్లి, అందులో సర్ది, స్కీ బూట్లు తొడుక్కొని పావుగంట నడవండి. బరువు భుజాల మీద కాకుండా తుంటి ఎముకల మీద ఆనాలి. మెడ కింద పొడుచుకొచ్చిన ఎముక నుంచి తుంటి ఎముక పైభాగం దాకా వీపు పొడవును దుకాణంవారు టేపుతో కొలిచి, దానికి తగిన సైజు చెబుతారు. పొట్టివారికి, ఆడవారికి చాలా బ్యాగుల్లో విడిగా చిన్న వీపు సైజులు ఉన్నాయి, అడిగితే తీసి చూపిస్తారు. మొదటి శీతాకాలానికి అన్నీ కొనవలసిన అవసరం కూడా లేదు. స్కీలను, బీకన్, ప్రోబ్, పార కట్టను రోజు లెక్కన అద్దెకిచ్చే దుకాణాలు సియాటిల్‌లో ఉన్నాయి కనుక, వాటితో శిక్షణ పూర్తి చేసి, ఎలాంటి వాలుల మీద ఎంతసేపు తిరుగుతున్నారో మీకే స్పష్టమయ్యాక బ్యాగుకు డబ్బు పెట్టండి.